కాలు తగిలినా వంగకు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత నా మాటకి అడ్డం రావద్దు. ఒకళ్ళ ఇంట్లో అంట్లు తోముకునే ఆడది, మొగుడు పోయినది, సంతకం తప్ప అక్షరం ముక్క రానిది, అమెరికావాళ్ళ బంతాటలో ఒక పిల్లాడికి నిలబడ్డం నేర్పిందంటే ఎవరు నమ్ముతారు? నా సొంత చెల్లెలే నమ్మలేదు. ఫోనులో చెప్తే, "ఎండకి తల తిరిగిందేమోనే నీకు, మజ్జిగ తాగి పడుకో" అంది. తాగాను. తాగినా జరిగింది జరిగిందే.

మాది కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు. మా ఆయన పదకొండేళ్ళు దుబాయ్‌లో పనిచేశాడు. అక్కడ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అంటారు, పేరుకి పార్కు, ఉండేవన్నీ ఫ్యాక్టరీలూ కూలోళ్ళ గదులూనూ. అందులో ఒక గోదాం యార్డులో లారీల మీద సరుకుకి తాళ్ళు కట్టేవాడు. ఒకరోజు మధ్యాహ్నం లారీ వెనక్కొచ్చింది. లారీ వెనక్కొచ్చేటప్పుడు వెనక మనిషి ఉన్నాడా లేడా అని చూసి చెయ్యి ఊపడానికి ఒకణ్ణి పెడతారు. వాడి పనల్లా అదే. ఆ నిమిషంలో వాడు ఇంకెటో చూస్తున్నాడు. "చూళ్ళేదు" అన్నాడంట తర్వాత. నలుగురూ చేరి "పాపం, చూళ్ళేదంట" అన్నారు. చూడ్డానికే పెట్టినోడు చూళ్ళేదంటే అది పాపం ఎలా అవుద్దండీ? ఆ ముక్క తల్చుకుంటే నాకు ఇప్పటికీ అరికాళ్ళ నుంచి మంట లేస్తుంది.

"ఆయన్ని మింగిన చోటికే ఎలా వెళ్తావే" అన్నారు ఊళ్ళో. ఆ నేల మీద నిలబడి ఒకసారి తిట్టుకోవాలనిపించింది, వచ్చాను. మా గోదావరి ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి వచ్చే దారే నాదీ. వచ్చాక తిట్టుకోడానికి తీరికేదీ?

నేను చేరింది బెజవాడ వాళ్ళింట్లో. సారు రువైస్‌లో రిఫైనరీ ఇంజనీరు, వారానికోసారి అంత దూరం కారు తోలుకుని వచ్చి పోయేవారు. నా వీసా ఆయన పేరు మీదే, నా కఫీల్, అంటే నాకు అక్కడ పూచీ ఉండే యజమాని, ఆయనే. అమ్మగారికి దుబాయ్‌లోనే ఆఫీసు. వాళ్ళకి ఒక్కడే కొడుకు, పదిహేనేళ్ళు. నేను బాబు అనేదాన్ని, నన్ను ఆంటీ అనేవాడు. చదివేది అమెరికా పద్ధతి బడి. అక్కడ ఫుట్‌బాల్ ఆడేవాడు. మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. తలకి ఇనప జాలీ ఉన్న టోపీ, భుజాలకి డిప్పలు, బంతి కొబ్బరికాయలా కోలగా ఉంటుంది, కాలితో తన్నేది ఎప్పుడో గాని ఉండదు. అంతా గుద్దుకోవడమే.

కరోనా వచ్చిన ఏడు బళ్ళు మూశారు, మైదానాలు మూశారు. సారు రువైస్‌లోనే ఇరుక్కుపోయారు. అమ్మగారు గదిలో తలుపేసుకుని, చెవులకి అవి తగిలించుకుని, పొద్దుణ్ణించీ మీటింగులు. కోచ్ అనే అమెరికా ఆయన పిల్లలందరికీ కంప్యూటర్లో పాఠం పెట్టాడు. ఎదురుగా ఒక మనిషి మీదకి రావాలి, పిల్లాడు ఆపాలి. మిగతా పిల్లలకి నాన్నలున్నారు, అన్నలున్నారు. మా బాబుకి ఎవరున్నారు?

నేను చపాతీ పిండి కలుపుతుంటే వంటింట్లోకి వచ్చాడు.

"ఆంటీ, ఒక పది నిమిషాలు నా మీదకి పరిగెత్తుకుని రాగలవా?"

"ఎందుకు నాన్నా, ఏం తప్పు చేశావు?"

"తప్పు కాదు, క్లాసు."

మేడ మీదకి వెళ్ళాం. నీళ్ళ ట్యాంకు పక్కన కుర్చీలో కంప్యూటరు పెట్టాడు. అందులో కోచ్ మొహం, ఎర్రగా, గడ్డంతో. అమ్మగారి ఇస్త్రీ బల్ల తెచ్చి నిలువుగా నిలబెట్టాడు. "ఇది బంతి విసిరేవాడు అనుకో. నువ్వు దీన్ని పడగొట్టాలి. నేను పడనివ్వకూడదు." నా చేతికి సోఫా దిండు ఇచ్చాడు, గుండెకి అడ్డం పెట్టుకోమని.

ఆ ఆట సంగతి నాకు అర్థమైనంత చెప్తాను. బంతి విసిరేవాడు వెనక నిలబడతాడు, దూరంగా పరిగెత్తే తనవాణ్ణి చూసుకుంటూ ఉంటాడు కాబట్టి మీదకొచ్చేవాణ్ణి చూసుకోలేడు. వాడి ముందు ఐదుగురు లావాటి వాళ్ళు గోడ కడతారు. అవతలి జట్టు దొంగలు, ఒక్కోసారి గోడ సందులోంచి ఒకణ్ణి అదనంగా దూరుస్తారు. విసిరేవాడి పక్కన ఒకడుంటాడు, మామూలప్పుడు బంతి చంకన పెట్టుకుని పరిగెత్తడం వాడి పని. అదే మా బాబు. విసిరే ఆటలో మాత్రం వాడు పరిగెత్తకూడదు. ఉండిపోవాలి. సందులోంచి ఎవడొస్తాడో కనిపెట్టాలి, ఎదురెళ్ళి గుద్దాలి, బంతి చెయ్యి దాటిందాకా కదలకూడదు. మా బాబు పరిగెత్తడంలో లేడిపిల్ల. ఉండిపోవడం మాత్రం రాదు. "నువ్వు ఆపలేకపోతే నిన్ను మైదానంలోకి పంపను, ఎంత పరిగెత్తినా పంపను" అని కోచ్ ముందే చెప్పాడంట.

మొదటిసారి నేను దిండు పట్టుకుని పరిగెత్తాను. తీరా దగ్గరికొచ్చేసరికి కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. యజమాని కొడుకుని ఎలా గుద్దుతాను? కంప్యూటర్లోంచి కోచ్ ఏదో అరిచాడు.

"ఏమంటున్నాడు?"

"నువ్వు ఆగిపోతున్నావంట. ఆగే మనిషితో నేర్చుకుంటే ఆపడం రాదంట."

రెండోసారి ఆగలేదు. బాబు నన్ను చూడకుండా ఇస్త్రీ బల్ల ఉందో లేదో అని వెనక్కి చూసుకున్నాడు. నేను పక్కనుంచి పోయి బల్లని తన్నాను. ఢామ్మని పడింది. అప్పుడు నాకు కోపం వచ్చింది చూడండి, నాకే తెలియని కోపం. "ఎటు చూస్తున్నావురా? చూడాల్సింది నన్ను కదా! చూడ్డానికే కదా నిన్ను అక్కడ పెట్టింది!" అని అరిచేశాను. పిల్లాడు బిత్తరపోయాడు. కోచ్ మాత్రం చప్పట్లు కొట్టాడు. నేనన్నది ఆయనకి ఏం అర్థమైందో మరి.

అలా రోజూ పొద్దు వాలాక, గచ్చు చల్లబడ్డాక, ఉత్త కాళ్ళతో మేడ మీద. కోచ్ చెప్పేవి బాబు నాకు చెప్పేవాడు, నేను చూసినవి బాబుకి చెప్పేదాన్ని. ముందు లోపలి వైపు చూడాలి, విసిరేవాడికి దగ్గర దారిలో వచ్చేవాడే ముందు పట్టాల్సినవాడు. మొహం చూడకూడదు, మొహం అబద్ధం ఆడుద్ది, బొడ్డు చూడాలి, బొడ్డు ఎటెళ్తే మనిషి అటే. చేతులు ఎదుటివాడి గుండె మీదే ఆనించాలి, పక్కనుంచి చొక్కా పట్టుకుంటే పసుప్పచ్చ గుడ్డ విసిరి తప్పు అంటారు. తల ఎప్పుడూ దించకూడదు. ఇవి కోచ్ మాటలు. నిలబడ్డం మాత్రం నేనే నేర్పాను. పిల్లాడు తాటిచెట్టులా నిటారుగా నిలబడేవాడు, నేను తగిలితే ఊగిపోయేవాడు.

"వీధి కుళాయి దగ్గర మమ్మల్ని ఎప్పుడైనా చూశావా? నీళ్ళు వచ్చేది ముప్పావుగంట, బిందెలు అరవై. ఒకసారి కుళాయి కింద బిందె పెట్టిన ఆడదాన్ని ఎవరైనా కదపగలరా?"

"ఎలా నిలబడతారు?"

చూపించాను. కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు కాస్త వంచి, నడుం కిందకి, మోచేతులు డొక్కల్లోకి. వెనక్కి వాలకూడదు, ముందుకి తూలకూడదు. బాబు గుద్దాడు. నేను కదల్లేదు. మళ్ళీ గుద్దాడు. కంప్యూటర్లో కోచ్ లేచి నిలబడి, మిగతా పిల్లలందరికీ ఏదో చెప్పాడు.

"ఏమన్నాడు?"

"అందరూ మా ఆంటీని చూడండి అన్నాడు."

ఇక్కడే వచ్చింది అసలు సంగతి. ఉత్త కాళ్ళతో ఆడతాం కదా, దగ్గరికొచ్చినప్పుడు పిల్లాడి కాలు నా కాలి మీద పడేది. పడ్డప్పుడల్లా వంగి, నా కాలు ముట్టుకుని, ఆ చెయ్యి కళ్ళకద్దుకునేవాడు. వాళ్ళ అమ్మమ్మ చిన్నప్పుడు నేర్పిందంట. మన ఇళ్ళల్లో పిల్లలందరికీ ఉండేదే, ఎవరికి కాలు తగిలినా, పుస్తకానికి తగిలినా, అద్దుకుంటాం. నాకు మాత్రం అది ఎవరు చేశారు ఎప్పుడైనా? ఆ పిల్లాడు చేశాడు. బాగుందని చెప్పను, చెప్పకపోతే అబద్ధం.

ఒకసారి అమ్మగారు బట్టలు ఆరాయా అని పైకొచ్చి చూసింది.

"పనిమనిషి కాళ్ళకి దండం పెడతావేంట్రా?"

"కాలు తగిలింది కదమ్మా."

"తగిలితే సారీ చెప్పు, చాలు. అలవాటు చేసుకోకు."

నేను అక్కడే ఉన్నాను, నాలుగు బారల దూరంలో, చేతిలో దిండుతో. గోడకి చెవులుంటాయంటారు గాని, పనిమనిషికి ఉండవనుకుంటారు. ఆరోజు రాత్రి గిన్నెలు ఎంత గట్టిగా తోమానంటే ఒక మూకుడుకి పిడి ఊడొచ్చింది. బాబు మాత్రం మానలేదు. మర్నాడూ కాలు తగిలింది, మర్నాడూ అద్దుకున్నాడు, వాళ్ళమ్మ లేనప్పుడే అనుకోండి.

కొన్ని నెలలకి మైదానాలు తెరిచారు. అమ్మగారు ఎండకి రాలేనంటే నీళ్ళ డబ్బా పట్టుకుని నేనే వెళ్ళాను. కోచ్‌ని మనిషిగా చూడడం అదే మొదలు. తెర మీద తల ఒక్కటే కనిపించేది, తీరా చూస్తే తలుపంత మనిషి. నన్ను చూసి టోపీ తీసి, "కుషన్ మేడం!" అన్నాడు. మైదానం లోపలికి తెల్ల గీత దాటి రాకూడదు, బయటే కూర్చోవాలి. కూర్చున్నాను.

పిల్లలు టోపీలూ డిప్పలూ వేసుకుని నిజంగా గుద్దుకోవడం మొదలెట్టారు. బాబు విసిరేవాడి పక్కన నిలబడ్డాడు. కుళాయి దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు, నా గుండె ఇంతయింది. సందులోంచి ఒకడు దూసుకొచ్చాడు. బాబు చూశాడు, ఎదురెళ్ళాడు, గుండె మీద చేతులు ఆనించాడు, అంతా సరిగ్గా ఉంది. ఉన్నట్టుండి బాబు తల కిందకి పోయింది. వచ్చినోడు పైనుంచి దాటుకుని పోయి, విసిరేవాణ్ణి నడుం దగ్గర పట్టి నేలకేసి కొట్టాడు. పడ్డ పిల్లాడు బాబు స్నేహితుడే. కాసేపు లేవలేదు.

మళ్ళీ ఆడించారు. మళ్ళీ అదే. నాలుగుసార్లలో మూడుసార్లు అదే. కోచ్ ఈల ఊది బాబుని పక్కకి పిలిచాడు. చాలాసేపు మాట్లాడి, భుజం తట్టి, బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఇంకొకణ్ణి ఆ చోట్లోకి పంపాడు.

"ఏమన్నాడు బాబూ?"

టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, మొహం చూపించలేదు. "నాకు భయమంట. దెబ్బకి భయపడి తల దించేస్తున్నానంట. భయపడేవాణ్ణి ఆడిస్తే మెడ విరుగుతుందంట."

భయమంట! మేడ మీద నేను పెట్టిన దెబ్బలకి డొక్కలు కమిలిపోయినా మాట్లాడని పిల్లాడు! నా ఒళ్ళు భగ్గుమంది. కాని నాలుగోసారి నేను ఒకటి చూశాను. తల కిందకి పోయినప్పుడు కుడిచెయ్యి కూడా పోయింది. పోయి, పైకొచ్చి, టోపీ జాలీకి టక్కుమని తగిలింది. కళ్ళకద్దుకోవాలని వెళ్ళిన చెయ్యి అది.

"ఒరే నాన్నా, వాడి కాలు తొక్కావా?"

బాబు తలెత్తాడు. "తొక్కాను. చెయ్యి నాకు తెలియకుండానే వెళ్ళిపోతోంది ఆంటీ. ఆయనకి ఎలా చెప్పను? నవ్వుతారు అందరూ."

"నువ్వు చెప్పకు. లే."

తెల్ల గీత దాటి లోపలికెళ్ళాను. ఎవరో అరిచారు, అరవనీ. కోచ్ ముందు నిలబడి, ఆయన బూటు మీద నా కాలితో గట్టిగా తొక్కాను. పిల్లలంతా ఆట ఆపేశారు. తొక్కి, వంగి, ఆ బూటు ముట్టుకుని, చెయ్యి కళ్ళకద్దుకున్నాను. మళ్ళీ తొక్కాను, మళ్ళీ అద్దుకున్నాను. "భయం నహీ," అన్నాను, "డర్ నహీ. యే మా-బాప్ సిఖాయా, పెద్దోళ్ళు నేర్పింది ఇది. చెప్పు బాబూ, ఆయన భాషలో చెప్పు."

బాబు చెవులు ఎర్రబడిపోయాయి. అయినా చెప్పాడు. కోచ్ తన బూటు వంక చూసుకున్నాడు. నవ్వలేదు, అది ఆయన్లో మంచిగుణం. తర్వాత అన్నది బాబు నాకు చెప్పాడు: "ఇన్నేళ్ళుగా నేర్పుతున్నాను, తల దించడానికి వంద కారణాలు చూశాను, ఇది చూళ్ళేదు. భయం అన్నందుకు నాదే తప్పు. మంచి అలవాటే, కాని మెడకి కారణాలు తెలియవు. మూడు వారాల్లో మ్యాచ్ ఉంది. తల దించినన్నాళ్ళూ వీణ్ణి లోపలికి పంపను."

న్యాయమే. మెడ విరిగితే ఎవరు అతుకుతారు?

ఇంటికొచ్చి ఆ సాయంత్రమే మేడెక్కాం. "తొక్కు" అన్నాను. "తొక్కి, నా బొడ్డు చూస్తూ నిలబడు. వంగితే ఊరుకోను."

"కావాలని ఎలా తొక్కను ఆంటీ? పాపం తగుల్తుంది."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. దిండు అవతల పారేశాను. మా ఆయన సంగతి ఆ పిల్లాడికి అప్పటిదాకా చెప్పలేదు, అప్పుడు చెప్పాను. లారీ, చెయ్యి ఊపాల్సినోడు, అన్నీ. "వాడు ఒక్క క్షణం కళ్ళు తిప్పాడు. ఎందుకు తిప్పాడో నాకు తెలియదు. దేవుడికి దండం పెట్టుకోడానికి తిప్పాడేమో కూడా! అయితే మాత్రం? వెనకున్నోడు పోయాడు. నీ వెనక ఒకడు నిన్ను నమ్ముకుని అటు చూస్తున్నాడు. వాణ్ణి వదిలేసి నా కాలికి దండం పెడితే ఆ దండం నాకొద్దు. తొక్కు!"

తొక్కాడు. వంగాడు. తొక్కాడు, వంగాడు. చెయ్యి ఎప్పుడు పోతోందో వాడికే తెలియదు. అప్పుడు కిందకెళ్ళి గోధుమపిండి గిన్నె తెచ్చాను. పిల్లాడి రెండు అరచేతులకీ పిండి పూశాను. నా నల్ల దుప్పటి దిండుకి చుట్టాను. "నీ రెండు చేతులూ ఈ నల్ల గుడ్డ మీద అచ్చు పడాలి, నేను ఆగిందాకా అక్కడే ఉండాలి. నీ మొహం మీద పిండి కనపడిందా, మళ్ళీ మొదటికి."

మొదటిరోజు పిల్లాడి కళ్ళచుట్టూ పగటివేషగాడిలా తెల్లగా అయిపోయింది. ఇద్దరం నవ్వుకున్నాం, అబద్ధమెందుకు. రెండోరోజు నవ్వు లేదు. నాలుగోరోజు నా బొటనవేలి గోరు నల్లబడింది. వంటింట్లో కుంటుతుంటే అమ్మగారు అడిగింది. చెప్పాను.

"నేను ముందే చెప్పానా లేదా? నువ్వే దండాలు పెట్టించుకుని అలవాటు చేశావు. ఇప్పుడు పిల్లాడి ఆట పోయేలా ఉంది."

"నేను పెట్టించుకోలేదు అమ్మగారూ. మీ అమ్మగారు నేర్పారంట."

"ఎదురు చెప్పకు."

"ఆయ్" అన్నాను. మా వైపు ఆయ్ అంటే అవును అని. ఆరోజు నా నోట్లో దాని అర్థం వేరే.

వాళ్ళకి కావలసింది అదే కదా మొదట్నించీ. నా కాలికి వాళ్ళ పిల్లాడు వంగకూడదు. ఇప్పుడు నేనే వంగొద్దని చెప్తున్నాను, చెప్పి నేర్పుతున్నాను, నా కాలు పెట్టి నేర్పుతున్నాను. ఆమె కోరింది నా చేత్తోనే చేస్తున్నానే అని రోజూ మెట్లెక్కేటప్పుడు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. మానేద్దామనుకున్నాను ఒకసారి. మానేస్తే బాబు బెంచీ మీద కూర్చుంటాడు, కూర్చుని, భయస్తుడు అనిపించుకుంటాడు. ఆ మాట వాడి మీద ఉండనివ్వడం నా వల్ల కాదు. ఎక్కాను.

రెండువారాలు దాటాక ఒక సాయంత్రం నేను కుడివైపు వెళ్తున్నట్టు బొంకి ఎడమవైపు దూరాను. బాబు మోసపోలేదు. ఎదురొచ్చాడు, గుద్దాడు, వాడి మడమ నా నల్లబడ్డ గోటి మీదే దిగింది. ప్రాణం పోయింది నాకు. వాడి చూపు నా బొడ్డు మీద. రెండు చేతులూ గుడ్డ మీద. నేను నెట్టాను, తిరిగాను, మళ్ళీ నెట్టాను. వాడు నాతోపాటు చిన్న చిన్న అడుగులేస్తూ వచ్చాడు గాని వదల్లేదు. ఆగాను. మొహం చూశాను. చెమట తప్ప ఏమీ లేదు. నల్ల గుడ్డ మీద రెండు తెల్లటి చేతులు, నిండుగా.

"ఖలాస్" అన్నాను. "వచ్చేసింది నీకు."

"ఆంటీ, నీ వేలు..."

"నా వేలు సంగతి నీకెందుకు? పో, స్నానం చెయ్యి."

సంతోషించాలి కదండీ? నాకు ఏడుపొచ్చినంత కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ ఇంట్లో నాకు దొరికిన మర్యాద అదొక్కటే, దాన్ని నా చేత్తో పీకి పారేశాను. ఆ రాత్రి చపాతీలు రాళ్ళలా వచ్చాయి. ఎవరూ అడగలేదు.

మ్యాచ్ రోజు అమ్మగారు వచ్చింది, నల్ల కళ్ళద్దాలు, చేతిలో ఫోను. సారు రువైస్‌ నుంచి రాలేకపోయారు, ఆయనకి వీడియో పంపాలని. నేను మంచు డబ్బా మోసుకుని వెనకే వెళ్ళాను. చలికాలం మధ్యాహ్నం, ఎండ మెత్తగా ఉంది. సగం ఆట అయిపోయినా బాబుని పంపలేదు. కోచ్ రెండుసార్లు బాబు వంక చూశాడు, రెండుసార్లూ పంపలేదు. నా పళ్ళు నేను కొరుక్కుంటున్నాను. మూడోసారి చేత్తో పిలిచి, నడుం వంచి ఏదో చెప్పి, వీపు మీద ఒకటి వేసి లోపలికి నెట్టాడు.

బాబు విసిరేవాడి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. మోకాళ్ళు వంచాడు. మోచేతులు డొక్కల్లోకి. బంతి వెనక్కొచ్చింది. ఎడమ సందులోంచి ఒకడొచ్చాడు, గేదె పడ్డలా ఉన్నాడు, బాబుకి ఒకటిన్నర ఉంటాడు. బాబు ఎదురెళ్ళాడు. ఆ చప్పుడు నా దాకా వినిపించింది. వాడి బూటు మీద బాబు బూటు పడింది, నేను చూశాను, వేరే ఎవరు చూస్తారు అది? చెయ్యి పోలేదు. తల దించలేదు. వాడు కుడివైపు తిరిగాడు, బాబు తిరిగాడు. వాడు తోశాడు, బాబు ఒక అడుగు వెనక్కి, ఇంకొక అడుగు వెనక్కి, అక్కడ ఆగాడు. బాబు వెనక ఆ విసిరే పిల్లాడు, తన మీదకి ఏమొస్తోందో తెలియకుండా, తాపీగా, పెళ్ళిలో అక్షింతలు వేసినట్టు బంతి విసిరాడు. అది ఎక్కడో ఆ చివర ఇంకొకడి చేతుల్లో పడింది. వాడు పరిగెత్తి గీత దాటాడు.

జనం లేచారు. చప్పట్లు, ఈలలు. అందరి మొహాలూ ఆ చివరికి. పట్టినోడికి దండలు, విసిరినోడికి దండలు. ఇక్కడ నేల మీద మా బాబు ఆ గేదె పడ్డ కింద పడి ఉన్నాడు, లేస్తున్నాడు, ఒక్కడూ తల తిప్పలేదు. నేను మంచు డబ్బా మీదకెక్కి తెలుగులో అరిచాను. ఏమరిచానో అడగొద్దు. కోచ్ ఒక్కడే బాబు దగ్గరికి పరిగెత్తి, జాలీ పట్టుకుని ఊపి, నా వైపు వేలు చూపించాడు.

అమ్మగారు ఫోను దించి నిట్టూర్చింది. "ఇంతసేపటికి పంపారు, బంతి కూడా ఇవ్వలేదు వీడికి. పరిగెత్తనే లేదు కదా."

ఇన్ని నెలల్లో నేను మింగినవన్నీ అప్పుడు గొంతులోకి వచ్చాయి. "కళ్ళు పెట్టి చూశారా అమ్మగారూ? వాడు పరిగెత్తకుండా ఉన్నాడు కాబట్టే ఆ పిల్లాడు నిలబడి ఉన్నాడు. పరిగెత్తడం ఎవడైనా పరిగెత్తుతాడు. మీ కొడుకు ఉండిపోయాడు!"

పక్క కుర్చీల్లోవాళ్ళు చూశారు. భాష తెలియకపోయినా గొంతు తెలుస్తుంది కదా. అమ్మగారు కళ్ళద్దాలు సర్దుకుంది.

తిరిగొచ్చేటప్పుడు కారు అమ్మగారే తోలింది. బాబు వెనక నా పక్కన కూర్చుని ఒక మోచేతికి మంచు పెట్టుకుని, రెండో చేత్తో సమోసాలు తింటున్నాడు, లోకంలో ఇంక దేనితోనూ పనిలేనట్టు. సిగ్నల్ దగ్గర కారాగింది. అమ్మగారు సారుకి పంపడానికి వీడియో తీసి చూసుకుంది. ఒకసారి, రెండుసార్లు. బంతి గాలిలో ఉంది, పట్టినోడున్నాడు, గీత దాటినోడున్నాడు. ఆ ఫోనులో ఆమె కొడుకు లేడు.

"ఇందులో మనవాడెక్కడ?" అంది, ఎవరినీ అడగనట్టు.

నేను ముందుకి వంగి, ఆ ఫోను మీద వేలు పెట్టి, వెనక్కి జరిపి ఆపాను. అది నాకు బాబే నేర్పాడు. "ఈ మూల చూడండి. ఈ మోచెయ్యి."

ఆమె ఫోను దగ్గరికి తీసుకుని చూసింది. "ఇదా?"

"అదే. అది అక్కడ లేకపోతే మీరు తీసిన మిగతాదేదీ లేదు."

పచ్చదీపం పడింది. వెనకవాళ్ళు హారన్ కొట్టారు. ఆమె ఫోను పక్కన పెట్టి బండి కదిపింది. చాలా దూరం పోయాక, అద్దంలో నన్ను చూడకుండానే అడిగింది, "రేపు ఇడ్లీకి పప్పు నానబోశావా?"

"నానబొయ్యలేదు" అన్నాను. "రేపు బ్రెడ్డే."

నా వీసా వాళ్ళ చేతిలో ఉందని నాకు తెలుసు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. బాబు సమోసా నములుతూ కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.